నడిమి కాలువలో గొంతు

మా పేటకీ అవతలి పేటకీ మధ్య ఉన్న నడిమి కాలువ మంచిది కాదు. చీకటి పడ్డాక ఆ చెక్క వంతెన మీద అడుగు పెట్టడానికి ఎంత మొనగాడైనా జంకుతాడు.

ఒకప్పుడు ఇక్కడన్నీ ఇటుక బట్టీలే. మట్టి తవ్వి వదిలేసిన గుంటలు పూడ్చి, వాటి మీద ఇళ్ళు కట్టారు. అందుకే వాన పడితే మా గోడలు ఇప్పటికీ చెమరుస్తాయి. సరిహద్దులంటే నదులూ కొండలూ అని కాలేజీలో చదువుకున్నాను. మా సరిహద్దు ఈ మురుగు కాలువ. ఇటొక మునిసిపాలిటీ, అటొక మునిసిపాలిటీ. వంతెనకి కమ్మీలు వేయాల్సింది మీరంటే మీరని... ఇంతవరకూ వేయలేదు.

ఎక్కడో మొదలుపెట్టి ఎక్కడికో పోతున్నాను.

బట్టీల రోజుల్లో ఒక కూలీ ఈ కాలువలో పడ్డాడు. రెండు గట్ల మీదా జనం పోగయ్యారు.

"తల మీ వైపుంది, మీరే తీయండి" అని వీళ్ళు.

"కాళ్ళు మీ వైపేగా" అని వాళ్ళు.

వాదన తేలేలోగా శవం తేలింది.

అప్పటినుంచి రాత్రిళ్ళు అక్కడ ఎవరో పిలుస్తారని చెప్పుకునేవారు. మా వీధి దర్జీ ఆ కథకి తనవంతు కుట్టు ఒకటి వేశాడు. చెప్పిన రోజుకి బట్టలివ్వలేదని ఎవరైనా తగువుకొస్తే, మిషను ఆపి గొంతు తగ్గించేవాడు.

"అది మనవాళ్ళ గొంతుతోనే పిలుస్తుందండీ... పలికామా, అంతే."

వచ్చినవాళ్ళు చొక్కా సంగతి మరిచిపోయేవారు.

ఇక జరిగింది దర్జీ నోట విన్నదే. ఒక వానరాత్రి అవతలి పేటలో బట్టలిచ్చి, తడుస్తూ తిరిగొస్తున్నాడు. వంతెన సగం దాటాడో లేదో... కింద నుంచి —

"బావా..."

అతని కాళ్ళు ఆగిపోయాయి. అచ్చం భార్య తమ్ముడి గొంతు.

"బావా... నేనే. చెయ్యివ్వు."

"నువ్వెవరో నాకు తెలుసులే," అని గొణిగి, చెవులు మూసుకున్నాడు.

"వేళాకోళమా బావా... కాలు దిగబడిపోయింది... అక్క..."

దర్జీ వెనక్కి చూడలేదు. పరుగెత్తి, ఇంట్లో పడి, తలుపు గడియ వేశాడు.

భార్య తువ్వాలు అందిస్తూ అతని వెనక్కి చూసింది.

"తమ్ముడేడీ? మీకు గొడుగిచ్చి రమ్మని పంపానే... వంతెన దగ్గర కనబడలేదా?"

దర్జీ గడియ తీసి వచ్చిన దారినే పరుగెత్తాడు. ఈసారి ఏ గొంతూ లేదు. నీళ్ళ మీద గొడుగొకటి తిరుగుతోంది...

తెల్లవారాక అవతలి గట్టున శవాన్ని తీశారు. గుప్పిట నిండా గడ్డి.

అక్కడి నీళ్ళ ట్యాంకు కాపలావాడు బీడీ ఆర్పి, దర్జీ పక్కన నిలబడ్డాడు.

"చాలాసేపు పిలిచాడండీ, బావా బావా అని. మా ఆవిడకి తమ్ముళ్ళు లేరు... నన్ను కాదులే అనుకున్నాను."