గొడుగు కింద కొలను

"సోమవారం వచ్చి చిల్లు పూడ్చారా, ఇంకోటి పెట్టి వెళ్లారా?"

ఫోన్‌లో ఆ గొంతు వినగానే అతను స్కూటర్ రోడ్డు పక్కకి ఆపాడు.

"ఎవరండీ మాట్లాడేది?"

"కొలను."

"ఆఁ?"

"పెరట్లో చేపల కొలను. అడుగున పరిచిన నల్ల రబ్బరు లైనర్. అతుకు వేసి, ఇంక పదేళ్లు దీని వంక చూడక్కర్లేదన్నారు. రోజుకి మూడు వేళ్లు దిగుతున్నాయి నీళ్లు."

గుర్తు రాకపోవడమేమిటి, రెండు రోజులుగా అతనికి వేరే ఏదీ గుర్తు రావడం లేదు. మేడల మీదా, ట్యాంకుల్లోనూ నీళ్లు కారే చోట్లు బాగుచేయడం అతని పని. ఇన్నేళ్లలో "అసలు ఈ జిగురు ఎందుకు అంటుకుంటుందండీ?" అని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ కొలను ఇంటి అమ్మాయి అడిగింది. ఆరేదాకా ఎందుకు ఆగాలో, ఆరకముందే అతికిస్తే ఏమవుతుందో కూడా అడిగింది. రక్తపరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగమట. పొద్దస్తమానం జనాన్ని గుచ్చే చెయ్యి కదా, ప్రశ్నలు కూడా అలాగే గుచ్చుతుంది అనుకున్నాడు.

అతను వెళ్లేసరికి పెరటి గుమ్మంలో వాళ్లమ్మ నిలబడి ఉంది.

"నీ అతుకు నిలవకపోవడమే మంచిదైంది బాబూ. ఆదివారం పొద్దున్న పదింటికి మట్టి బండి వస్తోంది. ఈ గుంట పూడ్పించేసి, బట్టలారేసుకోవడానికి తీగలు కట్టించుకుంటాను."

"గుంట కాదమ్మా, కొలను," అంది వెనకనుంచి అమ్మాయి.

"నీళ్లు నిలవని కొలనుని గుంటనే అంటారు. ఆదివారం పదింటికల్లా నిలబెట్టి చూపించు, బండిని వెనక్కి పంపిస్తాను. లేదా, ఇంక నన్నేం అడక్కు."

అమ్మ మాటంటే మాటే. అమ్మాయి ముఖం చిన్నబోయింది. రెండు వేసవులు, పొద్దున్నే డ్యూటీకి వెళ్లేలోపు, పార పట్టుకుని తనే తవ్విన కొలను అది. అరచేతుల్లో కాయలు ఇంకా పూర్తిగా పోలేదు.

అతను వంగి తన అతుకు నాలుగు అంచులూ గోటితో పరీక్షించాడు. ఎక్కడా లేవలేదు.

"ఇది గట్టిగానే ఉందండీ. చిల్లు వేరే ఎక్కడో ఉంది. రోజూ పైపు పెట్టి నింపేస్తున్నారా?"

"చేపలున్నాయి కదా!"

"నింపకండి. దిగనివ్వండి. నీళ్లు ఎక్కడ ఆగితే చిల్లు ఆ మట్టంలో ఉన్నట్టు."

"ఆగకపోతే?"

"అడుగునే ఉన్నట్టు."

"అంతవరకూ చేతులు కట్టుకుని చూస్తూ ఉండాలా?"

"నీళ్లు అబద్ధం చెప్పవండీ."

"మనుషులు చెప్తారా?"

"అతుకులేసేవాళ్లలో కొంతమంది చెప్తారు," అన్నాడు అతను నవ్వుతూ.

తొమ్మిది చేపలూ అమ్మ బట్టలు నానబెట్టుకునే పెద్ద టబ్బులోకి మారాయి. అమ్మ చేతిలో బకెట్లు మాత్రం గట్టిగా చప్పుడయ్యాయి. నీటి మట్టం దగ్గర అమ్మాయి ఒక కర్ర గుచ్చి పెన్సిల్‌తో గీత గీసింది. కిటికీలోంచి బామ్మ తొంగి చూసింది.

"ఒరేయ్ చిల్లులబ్బాయ్! మా వంటింటి జల్లెడకి కూడా చాలా చిల్లులున్నాయి, పనిలో పనిగా చూసి వెళ్లు!"

ఆ పేరు అతనికి అతుక్కుపోయింది, జిగురు లేకుండానే.

శుక్రవారం మధ్యాహ్నం అతను ఎవరిదో మేడ మీద పని చేస్తుంటే పడమట మబ్బు కమ్మింది. వాన పడి కొలనులో నీళ్లు పెరిగితే రెండు రోజుల కొలత నీళ్లపాలే. టార్పాలిన్ చుట్టి స్కూటర్ మీద వేసుకుని బయల్దేరాడు. తనని ఎవరూ పిలవలేదన్న సంగతి సగం దారిలో గుర్తొచ్చింది. అయినా వెనక్కి తిరగలేదు.

వెళ్లేసరికి అమ్మాయి కొలను గట్టున నిలబడి, తను తడుస్తూ, నీళ్ల మీదకి గొడుగు పట్టి ఉంది.

"ఒక్క గొడుగుకి అంత వాన ఆగుతుందాండీ?"

"ఆగదని తెలుసు. ఊరికే నిలబడలేక పట్టాను. ఆ చివర లాగండి, త్వరగా!"

చెరో వైపూ టార్పాలిన్ అంచులు ఎత్తి పట్టుకున్నారు. పక్కింటాయన గోడ మీంచి తల ఎత్తాడు.

"ఏం చేస్తున్నారమ్మా వానలో?"

"నీళ్లు తడవకుండా చూస్తున్నామండీ."

ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తల దించుకుని లోపలికి వెళ్లిపోయాడు. వాళ్లకి నవ్వాగలేదు. నవ్వుకి టార్పాలిన్ ఊగి, పైన నిలిచిన నీళ్లు కాస్తా అతని మెడ మీద కుమ్మరించినట్టు పడ్డాయి.

"మీరు ఈ పనిలోకి ఎలా వచ్చారు?" అంది ఆమె. ఆ స్థితిలో కూడా ప్రశ్నే.

"చిన్నప్పుడు నా మంచం మీద కారేది. మంచం ఎటు జరిపితే అటే చుక్క. పైన చిల్లు ఒకచోట, కింద చుక్క ఇంకోచోట. మధ్యలో అది ఎటు నడిచొస్తుందా అని పడుకుని చూస్తూ ఉండేవాణ్ని."

"తెలిసిందా?"

"ఇప్పటికీ వింతేనండీ."

ఆమె ఇంకేమీ అడగలేదు. రెప్ప మీద నిలిచిన వాన చుక్కని తుడుచుకోకుండా, అతని వంక మాత్రం కాస్త ఎక్కువసేపు చూసింది.

శనివారం పొద్దుటికి నీళ్లు ఆగాయి. సరిగ్గా కొలను లోపల పూలకుండీలు పెట్టే మెట్టు మట్టానికి. చిల్లు ఆ మెట్టు చుట్టూ ఎక్కడైనా ఉండొచ్చు. అతను రెండు వేళ్ల మందాన మళ్లీ నీళ్లు పోశాడు. ఆమె ల్యాబ్ నుంచి తెచ్చిన కొత్త సిరంజిలో, సూది తీసేసి, పాలు నింపింది.

"మెల్లిగా, చుక్క చుక్కగా వదలండి. చిల్లుంటే పాలు అటు లాక్కుపోతాయి."

ఇద్దరూ మోకాళ్ల మీద వంగి అంగుళం అంగుళం జరిగారు. పాలు తెల్లటి మబ్బులా కదలకుండా నిలిచేవి. మూడు వైపులూ అయ్యాయి. నాలుగో వైపు, కలువ కుండీ పక్కన, మబ్బు సాగింది. సన్నని దారమై, మెలి తిరిగి, మెట్టు మీద నల్లటి రబ్బరులోకి దూరి మాయమైంది.

"అమ్మో!" అంది ఆమె. "ఇంకోసారి చూద్దామా?"

మూడుసార్లు చూశారు. మూడోసారి అవసరం లేదని ఇద్దరికీ తెలుసు.

తర్వాత అతను నీళ్లు తోడి, గుడ్డతో తుడిచి, దగ్గరగా చూశాడు. చిన్న గాటు. అతని ముఖంలో నవ్వు పోయింది. వెనక జేబులోంచి కత్తెర తీసి, దాని మొన ఆ గాటులో ఆనించాడు. అచ్చంగా సరిపోయింది. రాయి గుచ్చుకుందని అంటే సరిపోయేది. నమ్మేది కూడా.

"మీకో మాట చెప్పాలండీ," అన్నాడు నేల చూస్తూ.

కిటికీలో బామ్మ చెవి రిక్కించింది. "ఏమేవ్, చెప్తున్నాడు, ఇలా రా!"

"సోమవారం, జిగురు ఆరేదాకా ఇక్కడే కూర్చున్నాను. మీరు ఏవో అడుగుతున్నారు. మిమ్మల్ని చూస్తూ ఒళ్లు మరిచిపోయాను. అప్పుడే జరిగిపోయింది."

"జరిగిపోయిందట!" అంది బామ్మ.

"ఏం జరిగిపోయింది?" అంది అమ్మాయి. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"చిల్లు. జేబులో కత్తెర ఉంది. లైనర్ మీద కూర్చోకూడదని మా మేస్త్రీ మొదటి రోజే చెప్పాడు. ఇది నేను పెట్టిన చిల్లేనండీ."

అమ్మాయి చివాలున లేచి నిలబడింది.

"నువ్వా! నువ్వు పెట్టావా! నా కొలనులో కూర్చుని, నువ్వే చిల్లు పెట్టి, మళ్లీ నువ్వే నా పక్కన కూర్చుని వెతుకుతావా! రేపు మట్టి బండి వస్తోంది, తెలుసా నీకు!"

బామ్మ కోడలి చెయ్యి గిల్లింది. "'నువ్వు' అంటోందే."

అతను పనిలోకి దిగాడు. గాటు చుట్టూ శుభ్రం చేసి, ఆరనిచ్చి, జిగురు రాసి, అతుకు వేసి, చిన్న రోలర్‌తో అరగంటసేపు నొక్కాడు. ఈసారి గొంతుక్కూర్చునే చేశాడు. ఆమె ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. సాయంత్రం కొలను నింపి, డబ్బు వద్దని చెప్పి వెళ్లిపోయాడు.

ఆదివారం పదింటికి బండి వచ్చింది. అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని కొలను దగ్గరికి తనే నడిచింది. వంగి కర్ర మీద గీత చూసింది. నీళ్లు గీతని ముట్టుకునే ఉన్నాయి. నమ్మకం కుదరక వేలు పెట్టి కూడా చూసింది. తర్వాత గేటు దగ్గరికి వెళ్లి, "పక్కింటాయన మొక్కలకి మట్టి కావాలన్నాడు, అటు తోలు నాయనా," అంది. తిరిగొస్తూ, కూతురితో మాత్రం, "ఆ చేపల్ని తీసి దీంట్లో పడెయ్, నా టబ్బు నాకు కావాలి. గేటు బయట ఎవరో స్కూటర్ తుడుస్తున్నాడు, గంట నుంచి తుడిచిందే తుడుస్తున్నాడు," అంది.

అమ్మాయి గేటు దాకా వెళ్లింది. అతను గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నిలిచిందా?"

"నిలిచింది."

"హమ్మయ్య." అతను ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకున్నాడు. "నిన్న మీరు నన్ను 'నువ్వు' అన్నారు."

"కోపంలో వచ్చేసింది."

"అదేనండీ. కోపం తగ్గాక మళ్లీ 'మీరు' అంటారా, లేక... అది తెలుసుకుందామనే వచ్చాను."

ఇన్ని రోజుల్లో కొలను సంగతి కాకుండా అతను ఆమెని అడిగిన మొదటి ప్రశ్న అది. వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

"ఎంతసేపు నిలబెడతావే అతన్ని? టీ చల్లారిపోతోంది!"

ఆమె గేటు గడియ తీసింది.

"కోపం ఇంకా తగ్గలేదు," అంది. "నువ్వు లోపలికి రా, నీ పని చెప్తాను."