మూడో పిలుపు

"నాన్న పేరు గట్టిగా పిలవండమ్మా. మొహమాటపడితే బావి నోరు తెరవదు," అన్నాడు పేర్రాజు.

ఆ అమ్మాయి సిలిండరు మూతి దగ్గర వంగి మూడుసార్లు పిలిచింది. మూడో పిలుపుకి కవాటం విచ్చుకుంది. దహనగృహంలో ఒడిసిపట్టి, ద్రవంగా మార్చిన ఆయన చితిపొగ గోదావరి ఒడ్డున బావిలోంచి నల్లరాతి లోతుల్లోకి జారిపోయింది. అక్కడ రాతితో కలిసి రాయైపోతుంది. మళ్ళీ గాలిలోకి రాదు. కాగిపోతున్న ఆకాశానికి మనిషి చేయగల చివరి ఉపకారం అదేనని శిలాశాఖ శాసనం.

"పూర్వం పోయినవాళ్ళు పైకి పోయేవారు. మన హయాంలో అందరికీ అధోగతే!"

ఏడుస్తున్న పిల్ల ఫక్కున నవ్వింది. ఇలా పొగ దింపే దింపరి ఉద్యోగంలో పేర్రాజు సంపాదించిన విద్య అదొక్కటే.

తర్వాతి సిలిండరు మీద పేరు చూసి పర్యవేక్షకురాలు మంగతాయారు దగ్గరకొచ్చింది.

"ఇవాళ రావద్దన్నాను కదా బాబాయ్. పిన్నిని నేను దింపుతాను."

"పల్లకీలోంచి దింపుకున్నవాణ్ణి. ఇదీ నేనే దింపుకుంటానే."

అతని భార్య రాఘవమ్మది ఉబ్బసం. మూసిన గది పడేది కాదు. జడివానలో కూడా మంచం గుమ్మంలోకి లాక్కునేది. "గాలాడట్లేదయ్యా" అంటే, "ఆడకపోతే పాడమను" అనేవాడు పేర్రాజు. ఆఖరి రోజున ఆ మాటకి ఆమె నవ్వలేకపోయింది.

అతను వంగాడు. పెళ్ళైన దగ్గర్నుంచి "ఇదిగో" అనడమే గానీ పేరెట్టి పిలిచింది లేదు.

"రాఘవా..."

గొంతు సవరించుకున్నాడు.

"రాఘవమ్మా!"

ఇంకొక్క పిలుపు. పేర్రాజు నోరు మూసుకున్నాడు.

"పిలు బాబాయ్. వెనకాల జనం ఉన్నారు."

"పిలిస్తే వెళ్ళిపోద్దే. లోపల దానికి గాలాడదు."

"అది పిన్ని కాదు, పొగ."

"మరి అందరి చేతా పేరెట్టి ఎందుకు పిలిపిస్తున్నామే?"

పేర్రాజు పక్కనున్న విడుదల మర తిప్పేశాడు.

బుస్సుమంటూ తెల్లగా, చల్లగా వచ్చింది. పైకి పోలేదు; గాలికన్నా బరువు కదా, నేలకి జారి అతని మోకాళ్ళని చుట్టుకుంది. పేర్రాజు కదల్లేదు. కదిలితే చెదిరిపోతుందని భయం. సైరన్ మోగింది. ఏటిగాలి నెమ్మదిగా ఆ తెలుపుని విప్పుకుని తీసుకుపోయింది. అప్పుడు ఏడ్చాడు, పెద్దగా, సైరన్ని మించి.

వరసలో ముందున్న ముసలాయన అప్పటికే తన సిలిండరు మీదకి వంగి ఉన్నాడు. భార్య పేరు నాలిక చివరకి వచ్చేసింది. దాన్ని మింగేసి, నిటారుగా నిలబడ్డాడు.

"తాతగారూ, పిలవండి," అంది మంగతాయారు.

ఆయన పిలవలేదు. ఆయన వెనకున్నవాళ్ళూ పిలవలేదు.