తాతయ్య కొలత

టీవీ సగం పైకి వచ్చి ఆగిపోయింది. వార్తలు చదివే ఆవిడ కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. నోరు పెట్టెలోనే ఉండిపోయింది.

మామూలుగా అయితే బొంగరం పడీ పడీ నవ్వేది. ఇవాళ నవ్వలేదు.

బొంగరం అంటే ఆ ఇంట్లోని పదేళ్ళ పిల్ల. ఒక్కచోట కుదురుగా ఉండదని అందరూ అలా పిలుస్తారు. ఇప్పుడు మాత్రం తలుపు పక్కన మేకు కొట్టినట్టు నిలబడి ఉంది.

ఆ ముందుగదికి ఒకటే కిటికీ. టీవీ పెట్టడానికి కిటికీ ముందు తప్ప చోటు లేదు. పెడితే వెలుతురు పోతుంది. అందుకని తాతయ్య ఒక పెట్టె చేశాడు. ఆయన నలభై ఏళ్ళు వడ్రంగి పని చేసినవాడు. పెట్టె లోపల మోటారు లిఫ్ట్ బిగించారు. రిమోట్ నొక్కితే టీవీ తన నెత్తి మీది మూతతో, ఆ మూతకి రెండు పక్కలా కిందిదాకా దిగే పలకలతో సహా పైకి లేస్తుంది. ఇంకోసారి నొక్కితే లోపలికి దిగిపోతుంది. మూతకీ పెట్టెకీ మధ్య గోరు మందం సందు, అంతే!

ఆ పెట్టె చూసి పక్కింటి టీచరమ్మ ముచ్చటపడింది. "మాకూ ఇలాంటిది ఒకటి చేసిపెట్టండి పెద్దాయనా" అని అడిగింది. తాతయ్య పని మానేసి మూడేళ్ళయింది. ఇన్నాళ్ళకి ఒకరు వచ్చి పని అడిగేసరికి ఆయన కాళ్ళు నేల మీద నిలవలేదు. పాత కాగితాల వెనక గీతలు గీయడం, చెరపడం, మళ్ళీ గీయడం. ఇంతలో ఇదిగో, ఇలా అయింది.

మెకానిక్ వచ్చాడు. ప్లగ్గు చూశాడు. రిమోట్‌లో బ్యాటరీలు మార్చాడు. టార్చి వేసి పెట్టెలో ఏమైనా అడ్డుపడిందేమో వెతికాడు. మోటారుకి చెవి ఆనించి విన్నాడు.

"మోటారు బాగానే ఉందమ్మా. పైకి లేచేటప్పుడు మూత పక్క పలక ఒకటి పెట్టెకి రాసుకుంటోంది. ఏదైనా తగిలితే మోటారు దానంతటదే ఆగిపోతుంది" అన్నాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి, "మూత మీద బరువేమైనా పెట్టారా?" అని అడిగాడు.

"అయ్యో, పువ్వుల కుండీ కూడా పెట్టనివ్వం. మా నాన్న ఊరుకోడు" అంది అమ్మ.

బొంగరం తన కాలి గోళ్ళు చూసుకుంది.

బరువు పెట్టలేదు నిజమే. బరువే ఎక్కి కూర్చుంది! శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. బొంగరం మూత మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని రిమోట్ నొక్కింది. జానెడు ఎత్తు లేచిందో లేదో, లోపల ఎక్కడో 'టక్' మంది. గబుక్కున కిందికి దూకేసింది. లిఫ్ట్ దింపితే దిగింది. 'హమ్మయ్య' అనుకుని ఆడుకోవడానికి పోయింది.

"అయితే ఇంకేముంటుంది? కొలత బిగువైంది పెద్దాయనా. ఆ పక్క అంచు కాస్త చెక్కేయండి, సరిపోతుంది" అన్నాడు మెకానిక్, సంచి సర్దుకుంటూ.

 తాతయ్య మూత అంచు మీద వేలు పెట్టి ఆ చివర నుంచి ఈ చివరిదాకా నిమిరాడు. రెండోసారీ నిమిరాడు.

చెప్పేద్దామని బొంగరం ఒక అడుగు ముందుకేసింది. 'మెకానిక్ మామయ్య వెళ్ళాక చెప్తాలే' అనుకుంది. ఆయన వెళ్ళాడు. 'అమ్మ వంటింట్లోకి పోయాక' అనుకుంది. అమ్మా పోయింది. అన్నం తిన్నాక, హోంవర్క్ అయ్యాక, రేపు పొద్దున్న. ఇలాంటి వాటికి ముహూర్తం ఎప్పుడు కుదిరి చచ్చింది గనక?

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి తాతయ్య వసారాలో మూతని బల్ల మీద పెట్టి చిత్రిక పడుతున్నాడు. పల్చటి చెక్క పొట్టు చుట్టలు చుట్టుకుంటూ నేల మీద పడుతోంది.  మూత మళ్ళీ బిగించి రిమోట్ నొక్కారు. ఇంకో రెండు వేళ్ళు పైకొచ్చి ఆగింది.

మూత ఊడదీసి మళ్ళీ చిత్రిక పట్టాడు. ఈసారి ఇంకో వేలెడు లేచింది. మళ్ళీ ఆగింది. దింపి చూస్తే చెక్కిన పక్క సందు మాత్రం వేలు దూరేంత అయింది. నున్నగా, ముచ్చటగా ఉండే మూత వంకరగా కనిపిస్తోంది.

"పోనీలే నాన్నా, వయసు మీద పడ్డాక ఎవరికైనా చెయ్యి తప్పుతుంది" అంది అమ్మ మెల్లిగా. ఓదార్చాలనే అంది పాపం. తాతయ్య మొహం ఇంకా పాలిపోయింది.

ఆ సాయంత్రం ఆయన చొక్కా వేసుకుని పక్కింటికి వెళ్ళాడు. ప్రహరీగోడ ఇవతల నుంచి బొంగరానికి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"ఇంకెవరినైనా చూసుకోండమ్మా. నా చేతికి కొలత నిలవడం లేదు. మీ చెక్క పాడుచేస్తే తలెత్తుకోలేను."

టీచరమ్మ ఏదో అంది. తాతయ్య వచ్చేశాడు. కంచం ముందు కూర్చుని, రెండు ముద్దలు తిని లేచాడు. బొంగరానికీ తిండి సయించలేదు. 

రెండు రోజుల తర్వాత తాతయ్య పిలిచాడు.

"తల్లీ, ఇలా రా. ఈ టేపు పట్టుకుని పెట్టె నోరు ఎంతుందో చదువు. నా కళ్ళ మీద నాకే నమ్మకం పోయింది."

బొంగరం టేపు పట్టింది. "నలభై రెండున్నర" అంది.

మూత అడుగున తాతయ్య ఎప్పుడో పెన్సిల్‌తో పెట్టె నోటి కొలత అని రాసుకున్న అంకె కూడా అదే.

"సరిగ్గా చూడు. ఇంకోసారి చదువు."

"నలభై రెండున్నరే తాతయ్యా."

తాతయ్య ఆమె తల మీద చెయ్యి వేశాడు. "తాతయ్య బాధపడతాడని అబద్ధం చెప్పకమ్మా. తప్పు ఉంటే తప్పనే చెప్పు. నేనేం అనుకోను."

ఇక బొంగరం వల్ల కాలేదు. టేపు చేతిలోంచి జారి, గిర్రున చుట్టుకుపోయింది. వెక్కి వెక్కి ఏడుస్తూనే చెప్పింది. శనివారం సంగతి, బాసింపట్టు సంగతి, 'టక్' సంగతి, అంతా.

అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఏమే! ఆ మెకానిక్ అడిగినప్పుడు నోట్లో నీళ్ళు పోసుకున్నావా? ముసలాయన ఇన్ని రోజులు కుమిలిపోతుంటే చూస్తూ ఎలా ఊరుకున్నావే?"



తాతయ్య తిట్టలేదు. మెల్లిగా కుర్చీలో కూర్చున్నాడు. "అయితే నా కొలత తప్పలేదన్నమాట" అన్నాడు. తనలో తాను మళ్ళీ అదే మాట అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది చూసి బొంగరానికి ఒక్కసారిగా సిగ్గు ముంచుకొచ్చింది. నాలుగు దెబ్బలు కొట్టినా బాగుండేది.

మెకానిక్ మళ్ళీ వచ్చాడు. మూత విప్పి చూస్తే, దాన్ని పట్టి ఉంచే ఇనప బ్రాకెట్ కంటికి ఆననంత ఒక పక్కకి వంగి ఉంది. "ఈ ముక్క ఆ రోజే చెప్పి ఉంటే పది నిమిషాల పని" అంటూ దాన్ని విప్పి, సాపు చేసి బిగించాడు. టీవీ ఎక్కడా ఆగకుండా నిటారుగా పైకి వచ్చింది. వార్తలావిడ మొహం మొత్తం కనిపించింది. అయితే మూతకి ఒక పక్క వేలు దూరేంత సందు అలాగే ఉంది. చెక్కేసిన చెక్క మళ్ళీ అతకదు కదా.

బొంగరం చెప్పులేసుకుంది.

"ఎక్కడికి?" అంది అమ్మ.

"టీచరమ్మగారింటికి."

"నేనూ రానా?"

"వద్దమ్మా."

పక్కింటి గేటు తీసింది. టీచరమ్మ మెట్ల మీద కూర్చుని నోటు పుస్తకాలు దిద్దుతోంది. బొంగరం ఊపిరి పీల్చుకోకుండా అంతా ఒక్క బిగిన చెప్పేసింది.

టీచరమ్మ పెన్ను కింద పెట్టింది. "అయ్యో! నిన్ననే ఇంకో అతనికి పని ఒప్పజెప్పేశామే తల్లీ. చెక్క కూడా కోసేసి ఉంటాడు. ఇప్పుడు వద్దంటే బాగుండదు."

 బొంగరానికి ఇంటికి పారిపోదామనిపించింది. అయినా కదల్లేదు.

"పని కోసం రాలేదండీ. మా తాతయ్య కొలత తప్పలేదు. అది మీకు తెలియాలి. మీ ఇంట్లో వాళ్ళందరికీ కూడా తెలియాలి."

టీచరమ్మ ఆమె మొహంలోకి చూసింది. తర్వాత లోపలికి తిరిగి, "ఏమండీ, అత్తయ్యా, ఒకసారి ఇటు రండి" అని పిలిచింది.

ఇద్దరూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. బొంగరం కళ్ళు తుడుచుకుని, మొదటి నుంచీ మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది.