ఐదేసి గుండీల వారం

ఆఖరి పీరియడ్‌లో కళ్ళజోడు బల్ల ముందు పదకొండు మంది వరసలో నిలబడ్డారు. సూది బల్ల ముందు ఒక్కరూ లేరు. సూది మూడుసార్లు లెక్కపెట్టింది. మూడుసార్లూ సున్నాయే వచ్చింది.

కళ్ళజోడు, సూది అనే ఆ ఇద్దరు అమ్మాయిలకు అసలు పేర్లు లేకపోలేదు. అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టినవే ఉన్నాయి. క్లాసులో ఎవరికీ గుర్తులేవు, అంతే. సూదికి ఆ పేరు ఎందుకొచ్చిందో ఆమెతో రెండు నిమిషాలు మాట్లాడితే మీకే తెలుస్తుంది.

ఆ క్లాసులో నెలన్నరగా ఒక ఆట నడుస్తోంది. క్లాసంతా ఒక ఊరు అనుకోమన్నారు టీచరు. గుండీలే ఆ ఊరి డబ్బు. శనివారం క్లాసు లీడరు అంగడి పెడతాడు. పెన్సిళ్ళు, రబ్బర్లు, వారానికి ఒకే ఒక్క రంగుల పెట్టె, అన్నీ గుండీలకే అమ్ముతాడు. కళ్ళజోడు బ్యాంకు. పది గుండీలు అప్పిచ్చి పదకొండు తిరిగి తీసుకుంటుంది. సూది ప్రభుత్వం. బోర్డు తుడిచినా, మొక్కలకు నీళ్ళు పోసినా రెండేసి గుండీలు ఇస్తుంది. శుక్రవారం తలా ఒక గుండీ పన్ను వసూలు చేస్తుంది.

అప్పు ఇచ్చేవాళ్ళని అందరూ నవ్వుతూ పలకరిస్తారు. పన్ను అడిగేవాళ్ళని ఎవరు పలకరిస్తారు? సూదికి కడుపు మండిపోయింది.

సోమవారం పొద్దున్నే లేచి నిలబడి చెప్పింది. "ఈ వారం పన్ను లేదు. పనికి రెండు కాదు, ఐదేసి."

క్లాసు గోలగోలైంది. తుడిచిన బోర్డునే నలుగురు మళ్ళీ తుడిచారు. మొక్కలు నీళ్ళలో మునిగిపోయాయి. సూది బల్ల ముందు వరస తలుపు దాటి వరండాలోకి పోయింది.

విరామంలో కళ్ళజోడు వచ్చింది. "అంగట్లో సరుకు పెరగలేదు కదే. అందరి దగ్గరా గుండీలు పెరిగితే లీడరు ఊరుకుంటాడా? ధరలు పెంచేస్తాడు. కాస్త తగ్గించు."

"నా బల్ల దగ్గర జనం ఉంటే నీకు కుళ్ళు," అంది సూది.

కుళ్ళు ఎవరిదో మీకూ నాకూ తెలుసు.

కళ్ళజోడు వెళ్ళి తన బల్ల మీద కొత్త కాగితం అంటించింది. పది తీసుకుంటే ఇకనుంచి పదమూడు కట్టాలి. అప్పులు తగ్గితే చేతుల్లో గుండీలు తగ్గుతాయని ఆమె లెక్క. అందరూ ఆమెను పిసినారి అన్నారు. ఆ పూట సూదికి ఆకలి కూడా బాగా వేసింది. కానీ కళ్ళజోడు తోడుతుంటే సూది పోస్తూ ఉంటే, తొట్టి ఎప్పటికి ఖాళీ అవుతుంది?

శనివారం పిచ్చుక బడికొచ్చింది. పిచ్చుక సూది పక్కనే కూర్చుంటుంది, క్లాసులో అందరికంటే చిన్నది. వారమంతా జ్వరంతో రాలేదు. ఇంట్లో ఆమె రంగుల్లో గోధుమరంగు ఒక్కటే మిగిలింది. ఆకాశానికి కూడా అదే వేస్తోంది. అందుకే అప్పు చేయకుండా, రబ్బరు కూడా కొనకుండా పన్నెండు గుండీలు రుమాలులో ముడివేసి దాచింది.

"రంగుల పెట్టె ముప్పై," అన్నాడు లీడరు.

"పోయిన వారం పన్నెండేగా?"

"పోయిన వారం అడిగేవాళ్ళెంతమంది? ఇవాళ చూడు."

పెట్టెను ఎవరో ముప్పై పోసి ఎగరేసుకుపోయారు. పిచ్చుక ముడి విప్పి గుండీలు లెక్కపెట్టుకుంది.

"పన్నెండూ ఉన్నాయే. ఒక్కటీ పోలేదు. మరి ఎందుకు చాల్లేదు?" అని సూదినే అడిగింది.

సూది అటు తిరిగి సంచీ సర్దుకుంది. వచ్చే శనివారమే ఆఖరి అంగడి. ఆ తర్వాత గుండీలు ఉత్త గుండీలే.

ఇంటికొచ్చి సంచీ విసిరేసింది. చొక్కాలు మడతపెడుతున్న అమ్మ తలెత్తింది.

"ఎవరి మీదే కోపం?"

"కళ్ళజోడు మీద."

"ఏమందేంటి నిన్ను?"

"ఏమీ అనలేదు. అందరికీ అదంటేనే ఇష్టం." ఆ తర్వాత ఐదేసి గుండీల సంగతి, పిచ్చుక సంగతి మొత్తం చెప్పేసింది.

"అత్త మీది కోపం దుత్త మీద చూపించావన్నమాట," అంది అమ్మ. "పాపం, జ్వరం నుంచి లేచొచ్చిన పిల్ల." ఇంకో చొక్కా అందుకుంది.

సోమవారం సూది కళ్ళజోడు బల్ల దగ్గరికి వెళ్ళింది.

"నువ్వన్నట్టే అయింది. ఇప్పుడేం చేద్దాం?"

ఇద్దరూ భోజనం గంటంతా కాగితం మీద తలలు వంచి కూర్చున్నారు. తర్వాత సూది బోర్డు మీద రాసింది. పనికి మళ్ళీ రెండు గుండీలే. పోయిన వారం ఐదేసి తీసుకున్నవాళ్ళు పనికి మూడు చొప్పున పన్ను కట్టాలి, మిగతావాళ్ళకు పన్ను లేదు. దాని కింద కళ్ళజోడు రాసింది. పాత అప్పులన్నీ శుక్రవారంలోగా తీర్చాలి.

"ఇచ్చి లాక్కుంటావా?" అని అరిచారు.

"ఖర్చుపెట్టేశాంగా," అన్నారు కొందరు.

"అయితే పనిచేసి కట్టండి," అంది సూది. మాట మార్చలేదు. వారమంతా ఆమెతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు.

శనివారం లీడరు ముప్పై అన్నాడు. ఎవరూ కదల్లేదు. పాతిక అన్నాడు. ఇరవై అన్నాడు. "మీకేమైందిరా?" అని గొణుక్కుంటూ చివరికి పద్నాలుగు దగ్గర ఆగాడు. ఆ వారం మొక్కలకు నీళ్ళు పోసి పిచ్చుక ఇంకో రెండు సంపాదించింది. పద్నాలుగూ బల్ల మీద పోసి పెట్టె గుండెకు హత్తుకుంది.

తిన్నగా పరుగెత్తి కళ్ళజోడును వాటేసుకుంది. "ధర నువ్వే దించావంట కదా. అందరూ చెప్తున్నారు."

సూదికి కడుపులో మళ్ళీ భగ్గుమంది. వారమంతా తిట్లు తిన్నదెవరు? కళ్ళజోడు ఇబ్బందిగా సూది వైపు చూసి, ఏదో చెప్పబోయింది.

సూదే ముందు మాట్లాడింది, క్లాసంతా వినేలా.

"దాన్నే మెచ్చుకోవాలి. ధరలు పెరుగుతాయని మొదటిరోజే చెప్పింది. నాకు దాని మీద కుళ్ళు, అందుకే వినలేదు."