యెషయా గారి దారం

శనివారం పొద్దున, దోసె మాడిపోతోందని కోడల్ని కేకేయడానికి గదిలోకి వెళ్లిన కాంతమణి గారు గరిటె చేతిలో ఉండగానే బీరువా మీదికి చూశారు. చూడకపోయినా బాగుండేది. సూట్‌కేసు వెనకనుంచి ఎర్ర ఊలు జడ ఒకటి కిందికి వేలాడుతోంది. ఆ జడ ఆవిడ అల్లిందే. ఆ జడ ఉన్న బొమ్మను మనవడు ఆషర్ కోసం ఆవిడే స్వయంగా కుట్టి ఇచ్చారు. పది రోజులుగా "బొమ్మేదమ్మా?" అని అడిగినప్పుడల్లా కోడలు గ్రేసీ "ఉతికి ఆరేసిన అత్తమ్మా" అంటోంది. వాళ్లుండే బోయిగూడ ఎండలో పది రోజులు ఆరే బొమ్మ ఎక్కడైనా ఉంటుందా?

ఆ బొమ్మ సంగతి కాస్త చెప్పాలి. కాంతమణి గారు పద్మారావు నగర్‌లో టీచరుగా చేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్లుగా చర్చిలో సండే స్కూలు కూడా ఆవిడదే. అక్కడ ఏ పసిబిడ్డను దేవుడికి అప్పగించే ప్రతిష్ఠకు తీసుకొచ్చినా, పాస్టరు గారి ప్రార్థన తర్వాత ఆ బిడ్డ చేతికి కాంతమణి గారి గుడ్డబొమ్మ అందాల్సిందే. ఊలు జడలు, పూల గౌను, కళ్లకు రెండు నల్లటి కోటు గుండీలు. మీసాలొచ్చిన మగపిల్లలు కూడా దారిలో ఆపి "టీచరమ్మా, నా బొమ్మ ఇంకా ఉంది" అని చెబుతారు. పెన్షన్ కాగితం చూసినప్పుడు కూడా ఆవిడ ముఖం అంత వెలగదు.

ఇంకో సంగతి ఉంది. ఆవిడ భర్త యెషయా గారు రైల్వే వాళ్లకు యూనిఫారాలు కుట్టే టైలరు. తొమ్మిదేళ్ల కిందట ప్రభువు దగ్గరికి వెళ్తూ ఆయన వదిలిపెట్టిన ఆస్తి ఒక కుట్టుమిషను, ఒక ట్రంకుపెట్టె నిండా దారపు రీళ్లు. అప్పటినుంచి బొమ్మల కళ్లు మాత్రం ఆ దారంతోనే కుట్టేవారావిడ. చేతులు తనవైనా దారం ఆయనది కాబట్టి, ప్రతి బొమ్మా ఇద్దరూ కలిసి కుట్టినట్టే లెక్క. రేపు ఆదివారం ఏడుగురు పసివాళ్ల ప్రతిష్ఠ. ఏడు బొమ్మలూ సోఫా మీద వరసగా కూర్చుని ఎదురుచూస్తున్నాయి.

కాంతమణి గారు స్టూలెక్కి బీరువా మీద బొమ్మను కిందికి లాగారు. దానికి ఒకటే కన్ను.

"గ్రేసీ!"

గ్రేసీ చంకలో ఆషర్‌తో, భుజం మీద వాడు ఊసిన రాగిజావతో పరుగెత్తుకొచ్చింది. అత్తగారి చేతిలో బొమ్మను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"బట్టలు బీరువా మీద ఆరేసుకోవడం ఎప్పట్నుంచమ్మా? దీని రెండో కన్నేది?"

"అత్తమ్మా, అది..."

"కత్తిరించేశావా?"

బాత్‌రూంలో గడ్డం గీసుకుంటున్న కొడుకు ఇవాన్‌కు ఈ మాటలు స్పష్టంగా వినపడ్డాయి. ఇప్పుడు బయటికి వెళ్లడం క్షేమం కాదని గ్రహించి రెండోసారి సబ్బు రాసుకున్నాడు.

కాంతమణి గారి అనుమానానికి కారణం లేకపోలేదు. గ్రేసీ పిల్లల బట్టలు కుట్టే ఒక కంపెనీలో క్వాలిటీ సెక్షన్‌లో పనిచేస్తుంది. గౌను గుండీకి బరువు కట్టి వేలాడదీయడం, గుండీ ఊడితే ఆ సరుకంతా వెనక్కి పంపడం ఆమె ఉద్యోగం. ఆషర్ పాకడం మొదలుపెట్టాక ఆ ఉద్యోగం ఇంటికీ వచ్చేసింది. టీవీ రిమోట్ వెనక టేపు పడింది. బల్ల మూలలకు స్పాంజి వచ్చింది. వంటింటి సొరుగులకు ఏవో గొళ్లేలు పెట్టారు, స్పూను కావాలంటే కాంతమణి గారు కోడల్ని పిలవాల్సి వస్తోంది. ఇవన్నీ ఆవిడ నవ్వుతూనే ఓర్చుకున్నారు. బొమ్మ జోలికొచ్చేసరికి ఓర్పు అయిపోయింది.

"నా బొమ్మకు కూడా బరువు కట్టి చూశావు కదూ? ఊడేదాకా లాగి, పైగా దాచిపెట్టావు. నచ్చలేదని నా ముఖం మీదే చెప్తే అయిపోయేదిగా!"

గ్రేసీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను లాగలే అత్తమ్మా. బాబు నోట్ల నుంచి తీసిన."

"ఏమిటీ?"

"మీరు ప్రార్థన కూటానికి పోయిన రోజు. పాలు పొంగుతున్నయని ఇట్ల తిరిగి చూసేసరికి వీడు ఏందో చప్పరిస్తుండు. నాలిక మీదనే గుండీ కనబడ్డది, పక్క నుంచి వేలు పెట్టి తీసిన. ఇంక జెరసేపైతే..." గ్రేసీ పిల్లవాణ్ణి గట్టిగా హత్తుకుంది. వాడు ఆమె చెవి పట్టుకుని లాగుతూ నవ్వాడు.

కాంతమణి గారు వంగి మనవడి నోట్లోకి ఒకసారి తొంగిచూశారు. అయినా ముప్పై ఏళ్ల పేరు ఒక్క మాటతో ఓటమి ఒప్పుకుంటుందా?

"అదేదో ఒకటి ఊడి ఉంటుంది. వీడి పళ్లు ఎలకపళ్లు. నా కుట్టు ఊడదు, ఇలా రా, నీ కళ్లముందే లాగుతాను."

"వద్దత్తమ్మా, జెర నా మాట వినున్రి."

వినే స్థితిలో ఉంటే కదా. ఆవిడ హాల్లోకి నడిచి మొదటి బొమ్మ కన్ను పట్టుకుని బలమంతా పెట్టి లాగారు. గుండీ కదల్లేదు. రెండో బొమ్మదీ కదల్లేదు.

"చూశావా! ఇదీ కుట్టంటే!" అని మూడో బొమ్మను అందుకున్నారు. ఇంకా సరిగ్గా లాగకముందే టప్పుమని గుండీ చేతిలోకొచ్చింది. నమ్మలేక నాలుగో బొమ్మ కన్ను లాగారు. అది ఊడి, ఎగిరి, నేలమీద దొర్లుకుంటూ సోఫా కిందికి పోయింది.

ఆ ఇంట్లో అందరికంటే ముందు కదిలినవాడు ఆషర్. అమ్మ చంకలోంచి జారి, పది నెలల జీవితంలో ఎన్నడూ లేనంత వేగంగా సోఫా వైపు పాకాడు. అత్తాకోడళ్లిద్దరూ ఒకేసారి వాడి వెనక నేలమీదికి దూకారు. తలలు ఢీకొన్నాయి. కాంతమణి గారు చేయి చాపేసరికి గుండీ వాడి గుప్పిట్లో ఉంది, గుప్పిట నోటిదాకా వచ్చేసింది. వాడి వేళ్లు విడదీసి గుండీ లాక్కుని ఆవిడ అక్కడే చతికిలబడ్డారు. వాడు ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు అందుకున్నాడు.

నోట్లోంచి తీశానని కోడలు చెప్పినప్పుడు అది మాటే. ఇప్పుడు మాత్రం ఆ గుండీ ఆవిడ అరచేతిలో ఉంది.

"మరి ఆ రెండూ ఎందుకు ఊడలేదు?" అన్నారు సోఫా మీది మొదటి రెండు బొమ్మల వైపు చూస్తూ.

గ్రేసీ తల దించుకుంది. "అవి నేను మళ్ల కుట్టిన. మీరు స్నానానికి పోయినప్పుడల్లా ఒక్కోటి చేద్దామనుకున్న, కంపెనీ నుంచి గట్టి దారం తెచ్చుకొని. ఏడు అయితయనుకుంటే రెండే అయినయి. మీరు స్నానం బహు తొందరగా చేస్తరు అత్తమ్మా."

అంత బాధలోనూ కాంతమణి గారికి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. "చెప్పొచ్చు కదే పిచ్చిదానా!"

"ఎట్ల చెప్పాలె? మామయ్య దారం అది. ఆ రీలు చేతిల పట్టుకుంటే మీ ముఖం ఎట్లుంటదో నేను చూడలేదా?"

కాంతమణి గారు లేచి ట్రంకుపెట్టె తెరిచారు. ఒక నల్ల రీలు తీసి, మూరెడు దారం విప్పి, రెండు చేతులతో లాగారు. చప్పుడైనా లేకుండా తెగిపోయింది. ఇంకో రీలు. అదీ అంతే. చూడ్డానికి నిగనిగలాడుతోంది, లోపల మాత్రం పుచ్చిపోయింది. దారానికి కూడా వయసవుతుందని ఆవిడకు తట్టలేదు. యెషయా గారు ఎంత కొత్త రీలైనా ఇలాగే లాగి చూడందే మిషన్‌కు ఎక్కించేవారు కాదు. "వేసుకునేవాడికి నమ్మకం, కుట్టేవాడికి అనుమానం ఉండాలోయ్" అనేవారు. కాపురం చేసినన్నాళ్లూ పక్కన కూర్చుని అది చూసిన మనిషి, ఆయన దారాన్ని మాత్రం అనుమానించలేకపోయింది.

"ఆయన ఉంటే నా చేతిమీద ఒక్కటిచ్చేవారు" అన్నారు ఆవిడ.

అప్పటికి ఇవాన్ సగం గడ్డంతో బయటికొచ్చాడు. "అమ్మా, పోనీ రేపు బొమ్మలకు బదులు బిస్కెట్ పాకెట్లిద్దామా?"

"నోర్మూసుకుని ఆ మిగతా గడ్డం గీసుకో!" అన్నారు అత్తాకోడళ్లు ఒకే గొంతుతో.

ఆ రోజు మధ్యాహ్నం గ్రేసీ ఏడు బొమ్మల గుండీలూ కత్తిరించి లెక్కపెట్టి డబ్బాలో వేసి మూత బిగించింది. వాటి చోట గుండీల్లేకుండా ఇద్దరూ కలిసి కొత్త దారంతోనే కళ్లు అల్లారు. కానీ కాంతమణి గారి మనసు ఆ ఏడింటి దగ్గర లేదు. ఈ రెండు మూడేళ్లలో ఇచ్చిన బొమ్మలు ఎవరెవరి ఉయ్యాలల్లో ఉన్నాయో ఆవిడకు పేరుపేరునా గుర్తుంది.

ఆదివారం ప్రకటనల సమయంలో పాస్టరు జెరెమియా గారిని అడిగి ఆవిడే మైకు తీసుకున్నారు.

"నేనిచ్చిన బొమ్మల కళ్లు ఊడుతున్నాయి. తప్పు నాదే, దారం చూసుకోలేదు. నా మనవడి నోట్లోనే గుండీ దొరికింది. ఇంటికి వెళ్లగానే బొమ్మను పిల్లలకు అందకుండా పెట్టండి. నాకు తెచ్చివ్వండి, బాగుచేసిస్తాను. నన్ను క్షమించండి."

మైకు తిరిగిచ్చేసిన ఆవిడకు కళ్లనీళ్లలో కూర్చోవడానికి కుర్చీ కనపడలేదు. అప్పుడు మూడో వరసలోంచి ఆవిడ పాత శిష్యురాలు ఎలీసబెతు లేచి నిలబడింది.

"టీచరమ్మా, మా పాప బొమ్మకు కంటి ఆపరేషనన్నమాట. పొద్దున్నే ఖాళీ కడుపుతో తీసుకురావాల్నా?"

పాస్టరు గారితో సహా అందరూ నవ్వేశారు. వెనక వరసలో గ్రేసీ అందరికంటే గట్టిగా నవ్వి, ఆషర్ బుగ్గకు కళ్లు తుడుచుకుంది.

మరుసటి శనివారానికి ఆ ఇల్లు ఆస్పత్రయింది. సోఫా నిండా పేషెంట్లు. కన్ను అల్లడం అత్తగారిది, లాగి చూడడం కోడలిది. రెండు బొమ్మల్ని గ్రేసీ నిర్దాక్షిణ్యంగా వెనక్కి ఇచ్చేసింది, కాంతమణి గారు గొణుక్కుంటూ మళ్లీ కుట్టారు. టీలు కాచి పోయడం ఇవాన్ వంతు.

చివరికి ఆషర్ బొమ్మ మిగిలింది, దానికీ కొత్త దారపు కళ్లు అల్లేశారు. దాని పొట్ట కుట్టు విప్పి దూది సర్దుతుంటే గ్రేసీ ట్రంకుపెట్టె వైపు చూసింది. ఆ రీళ్లను పారేయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

"అత్తమ్మా, మామయ్య దారం కండ్లకు పనికిరాకపోతే ఏమాయె? గుండెల పెడదాం."

కాంతమణి గారు ఒక రీలు తీసి దారమంతా విప్పి, మెత్తటి ఉండ చేసి, బొమ్మ ఛాతీలో దూది మధ్య పెట్టారు. గ్రేసీ పైన కొత్త దారంతో రెండు వరసలు కుట్టి, రెండుసార్లు లాగి చూసి, మనవడి చేతికివ్వమని అత్తగారికే అందించింది.

వాడు బొమ్మను అందుకుని తిన్నగా కన్ను కొరికాడు. అలవాటు కొద్దీ ఇద్దరూ ముందుకు వంగారు. వాడు నమిలాడు, పీకాడు, ఎర్రబడిపోయి ఊపిరి బిగబట్టి మరీ లాగాడు. ఏమీ రాలేదు. కోపమొచ్చి నానమ్మ ఒళ్లోకి విసిరేశాడు.

కాంతమణి గారు నవ్వుతూ, చెంపల మీద నీళ్లు కారుతుంటే తుడుచుకోవడం కూడా మరిచిపోయి, బొమ్మను మళ్లీ వాడి చేతిలో పెట్టారు.

"లాగరా నాన్నా, బాగా లాగు. మీ తాత ఎక్కడికీ పోడు."