వేలికి కట్టిన గుడ్డ పీలిక

మీ అమ్మగారు ఈ వారంలో ఏ రోగినైనా తాకారా అని డాక్టరమ్మ అడగడం అది మూడోసారి. మూడోసారీ కూతురు లేదనే తల ఊపింది. అద్దం తలుపు అవతల మంచం మీద తల్లి పడి ఉంది. కుడిచేయి మోచేతి దాకా వాచిపోయి, కందిపోయి, అసలు అది అమ్మ చెయ్యేనా అన్నట్టుంది... డాక్టరమ్మ ఏమీ దాచలేదు. చూపుడువేలి మీది పగులులోంచి సూక్ష్మక్రిమి లోపలికి పోయి రక్తంలో కలిసిందనీ, ఇచ్చిన రెండు మందులకూ లొంగలేదనీ చెప్పేసింది. అదేం క్రిమో పరీక్షలో తేలడానికి ఇంకా రెండు రోజులు పడుతుంది. కానీ ఆ మనిషి ఒంట్లో రెండు రోజుల ఓపిక లేదు! ఎవరి నుంచి అంటుకుందో తెలిస్తే చాలు, ఆ రోగికి పనిచేసిన మందే ఈమెకూ వెంటనే మొదలుపెట్టవచ్చు.

"సాయంత్రంలోగా తెలియాలి. ఆ తర్వాత తెలిసినా నేను చేయగలిగింది పెద్దగా ఉండదు" అంది డాక్టరమ్మ.

విధి వెక్కిరింత అంటే ఇదే కాబోలు. ఈ కూతురు ఎవరనుకున్నారు? అంబులెన్సుల్లో పనిచేసేవాళ్ళకు రోగుల జబ్బులు అంటకుండా ఎలా మసలుకోవాలో నేర్పే టీచరు! గ్లవ్సు తొడుక్కోవడం చిన్నపిల్లలకూ వస్తుంది, చేతికి అంటకుండా తీయడమే విద్య అని రోజుకు పదిసార్లు చెప్పే మనిషి. డ్రైవర్లూ అటెండర్లూ చాటున ఆమెను సబ్బు మేడమ్ అంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, లోలోపల కాస్త గర్వం కూడా.

ఏడాదిగా ఆమె ఒక పరిశోధన చేస్తోంది. మామూలు వెలుతురులో కంటికి కనిపించని పొడి ఒకటుంది. ఊదారంగు దీపం వేస్తే తళతళా మెరుస్తుంది. మూడు అంబులెన్సుల్లో మూడు రంగుల పొడి... ఒకటో బండిలో పసుపు, రెండో బండిలో ఆకుపచ్చ, మూడో బండిలో నారింజ. స్ట్రెచరు మీద ఆ పొడి చల్లి బండిని పంపుతుంది. సిబ్బంది రోగిని దింపి వచ్చి, బండి లోపలంతా తామే తుడిచి వెళ్ళాక, రెండు గంటల తర్వాత ఈమె దీపం పట్టుకుని ఎక్కుతుంది. ఎన్ని చోట్ల మెరిస్తే అన్ని చోట్లకు వాళ్ళ చేతులు జబ్బును మోసుకెళ్ళినట్టు. శిక్షణకు ముందు బండికి ముప్పై నాలుగు మచ్చలు. శిక్షణ తర్వాత మూడంటే మూడు! పై అధికారులు ముక్కున వేలేసుకున్నారు. ఆ మధ్యాహ్నం నాలుగింటికే పెద్ద సమావేశం. ఆమె పాఠాన్ని అన్ని స్టేషన్లలోనూ పెట్టబోతున్నారు, దానికంతటికీ ఆమెనే అధికారిగా వేయబోతున్నారు.

తల్లి ఆ షెడ్డులోనే బండ్లు కడుగుతుంది. భర్త పోయిన ఏడు చేతికి పైపూ బ్రష్షూ తీసుకున్న మనిషి, ఇరవై రెండేళ్ళుగా వాటిని దింపలేదు. ఆ నీళ్ళలోనే కూతురి చదువు పండించుకుంది. పరిశోధన మొదలైనప్పటి నుంచీ ఆమెకు బండి బయటి పని మాత్రమే. లోపలికి అడుగు పెట్టకూడదని నియమం పెట్టింది కూతురే.

వరండాలో పిన్ని కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. అక్కంటే ప్రాణం ఆవిడకు, నోట్లో నువ్వుగింజ మాత్రం నానదు. అక్క చేతులు నెల్లాళ్ళుగా బ్లీచింగు నీళ్ళకు పగిలి నెత్తురు కారుతున్నాయనీ, తాను చూసి అడిగితే పిల్లకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుందనీ ఇప్పుడు చెప్పుకొచ్చింది.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారే తల్లీ... అందరికీ చేతులు కడుక్కోవడం నేర్పుతావు. నిన్ను కన్న దాని చేతులు ఎలా ఉన్నాయో ఒక్కసారైనా చూశావా?"

కూతురు చూడలేదు! ఒకే ఇంట్లో ఉంటూ, రోజూ ఆ చేతుల మీదుగానే కంచం అందుకుంటూ, చూడలేదు...

గౌనూ గ్లవ్సూ వేసుకుని లోపలికి వెళ్ళి, బండి లోపలికి ఎప్పుడైనా ఎక్కావా అని తల్లిని అడిగింది. లేదంది తల్లి. టైర్లూ అద్దాలూ తప్ప ఏమీ ముట్టుకోలేదంది. ఆ వెంటనే, పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా, మొహం అలా పీక్కుపోయిందేమిటని మొదలుపెట్టింది. కూతురికి అర్థమైపోయింది. అబద్ధం ఆడిన ప్రతిసారీ అమ్మ తిండి మీదకు మాట మళ్ళిస్తుంది. నాన్న ఇక లేడని తెలిసిన రోజున కూడా ఇలాగే, ముందు అన్నం తినమంది.

బయటికి వస్తుంటే నర్సు ఒక సంచీ చేతికిచ్చింది. తల్లి ఒంటి మీద నుంచి తీసిన పని కోటు, వేలికి చుట్టుకున్న గుడ్డ పీలిక, మూతి బిగించిన ప్లాస్టిక్ సంచీలో ఉన్నాయి. తెరవవద్దని నర్సు చెప్పబోయి, చెబుతున్నది ఎవరికో గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. సమావేశంలో చూపించడానికి తెచ్చుకున్న ఊదారంగు దీపం కూతురి బ్యాగులోనే ఉంది. దుప్పట్లు పెట్టే కిటికీ లేని గదిలోకి వెళ్ళి, లైటు ఆర్పి, సంచీ బయటి నుంచే దీపం వేసింది.

కోటు మెరిసింది! పసుపు, ఆకుపచ్చ, నారింజ... మోచేతుల దగ్గర, జేబు అంచున, మోకాళ్ళ మీద, మూడు రంగులూ కలగాపులగంగా. టైర్లు కడిగిన కోటు కాదది. మూడు బండ్లలోనూ మోకాళ్ళ మీద పాకి, మూలమూలా తుడిచిన కోటు! ముప్పై నాలుగు మూడైంది తన పాఠం వల్ల కాదు. అమ్మ వల్ల! నెలల తరబడి తాను చూసుకుని మురిసిన ఆ అంకె అమ్మ మోకాళ్ళదీ, అమ్మ వేళ్ళదీనూ... ఆ తర్వాత వేలి పీలిక మీద వేసింది దీపం. అందులో ఒకే రంగు, నారింజ. అంటే వేలు లోతుగా పగిలి ఈ గుడ్డ చుట్టుకున్నాక అమ్మ ఎక్కింది ఒక్క మూడో బండే.

ఈసారి లోపలికి వెళ్ళి, బండి ఎక్కావా అని అడగలేదు. మూడో బండి ఎప్పుడు తుడిచావమ్మా అంది, అంతే. మంగళవారం అని చెప్పడానికి తల్లికి రెండుసార్లు ఊపిరి తీసుకోవలసి వచ్చింది. ఆ పైన ఆగి ఆగి అంతా చెప్పింది. కూతురు రాత్రుళ్ళు భోజనాల బల్ల దగ్గర పాఠం వల్లె వేసుకుంటుంటే అంట్లు తోముతూ విన్నదట. బెల్టు బకిల్సు, ఆక్సిజను సిలిండరు మర, తలుపు పిడి, వైర్లెస్సు బటను... ఎక్కడెక్కడ మచ్చలు పడతాయో అన్నీ కంఠతా వచ్చేశాయట. శిక్షణ తర్వాత మొదటి వారం మచ్చలు తగ్గలేదని కూతురు కంచం ముందు కూర్చుని ఏడవడం చూసి ఉండబట్టలేకపోయిందట. సిబ్బంది వెళ్ళాక, దీపం రాక ముందు, ఆ రెండు గంటల్లో ఎక్కేదట. గ్లవ్సు వేసుకుంటే జతలు లెక్కపెట్టే కూతురికి తెలిసిపోతుంది కదా, అందుకని ఉత్తచేతులతోనే.

"అన్నీ తుడిచేస్తే అనుమానం వస్తుందని రెండో మూడో వదిలేసేదాన్ని. నాకూ ఆమాత్రం తెలివుందిలే" అంది తల్లి. నవ్వబోయింది గానీ పెదాలు పగిలి ఉండటంతో రాలేదు. తర్వాత ఆ వాచిన చేతినే కాస్త ఎత్తింది. "ఎవరికీ చెప్పకమ్మా. నాలుగింటికి నీ మీటింగు. నా బతుకుదేముంది, ఎలాగూ సగం అయిపోయింది. నీది ఇప్పుడే మొదలవుతోంది."

కాకి పిల్ల కాకికి ముద్దంటారు. ఆ ముద్దు ప్రాణం మీదకు వచ్చినా వదలదా? కూతురు గౌను విప్పి, చేతులు కడుక్కుని, డాక్టరమ్మ గదికి పరుగెత్తింది. షెడ్డుకు ఫోన్ చేసి మంగళవారం మూడో బండి ఎవరిని తెచ్చిందో కనుక్కున్నారు. కాలి పుండుతో ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి మార్చిన ముసలాయన. ఆయన పుండులోని క్రిమి పేరూ, దానికి లొంగిన మందు పేరూ అక్కడి రిపోర్టులో ఉన్నాయి. మూడుంబావుకు ఆ మందు తల్లి రక్తంలోకి ఎక్కడం మొదలైంది.

అప్పుడు పిన్ని ఆమె చెయ్యి పట్టుకుంది. అక్క ఏదో ఒక్కసారి పొరపాటున ఎక్కిందని చెప్పేస్తే సరిపోతుందిగా, మిగతాదంతా ఎవరికి తెలియాలి, అంత కష్టపడి చేసింది కదా నీ కోసమే అని బతిమాలింది. ఆ మాట కూతురి మనసును లాగలేదని చెప్తే అబద్ధం. లాగింది! నాలుగు నిమిషాలు గోడకు ఆనుకుని నిలబడింది. కానీ ఇవాళ ఆ అంకె అన్ని స్టేషన్లకూ వెళ్తే, రేపు వేల మంది తమ చేతులు శుభ్రంగా ఉన్నాయనుకుని ఇళ్ళకు వెళ్తారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ అమ్మలుంటారు, పసిబిడ్డలుంటారు. ఆమె పై అధికారికి ఫోన్ చేసింది. మంచివాడైన ఆయన, ముందు అమ్మగారిని చూసుకోండి, మీటింగు అయ్యాక మాట్లాడుకుందాం అన్నాడు.

"మీటింగు అయ్యాక ఆలస్యమైపోతుంది సార్. నా లెక్క తప్పు. మచ్చలు తగ్గింది నా పాఠం వల్ల కాదు, మా అమ్మ తుడిచింది" అని చెప్పి, ఏడుపు ఆపుకోవడానికి ఫోను పెట్టేసింది.

ఆ తర్వాతి మూడు రోజులు ఎలా గడిచాయో ఆ దేవుడికే తెలియాలి. జ్వరం దిగేది, మళ్ళీ ఎక్కేది. తల్లి మాటలు తడబడేవి, ఎవరినో బకెట్టు ఇటు తెమ్మనేది. నాలుగో రోజున చూపుడువేలు తీసేస్తే గానీ చెయ్యి దక్కదన్నారు. ఆ కాగితం మీద సంతకం చేసింది కూతురే. షెడ్డులో విచారణ మొదలైంది. సబ్బు మేడమ్ తల్లిని పెట్టుకుని గెలిచిందట అన్న మాట ఆసుపత్రి మెట్ల దాకా వచ్చింది. వాటికి ఆమె చలించలేదు. ఆమెను రాత్రింబవళ్ళు కోసేసింది వేరే సంగతి. శిక్షణకు పేర్లు రాసినప్పుడు డ్రైవర్లూ, అటెండర్లూ, నర్సులూ అని రాసింది. బండి కడిగే మనిషి పేరు రాయాలని తట్టింది కూడా. కానీ కన్నతల్లి ముందు బెంచీలో చేతులు చాపి కూర్చుంటే, అందరూ చూస్తుంటే, తాను పాఠం ఎలా చెప్పాలి అన్న నామోషీతో కలం ఆపేసింది. ఆ ఒక్క పేరు రాసి ఉంటే!

పన్నెండో రోజున తల్లి దిండుకు ఆనుకుని కూర్చుంది. కుడిచేతికి పెద్ద కట్టు. కూతురు మంచం కమ్మీ పట్టుకుని, పేర్ల సంగతీ తన నామోషీ సంగతీ అన్నీ చెప్పేసింది. తల్లి కోప్పడలేదు. నేను లేకుండా మళ్ళీ దీపం వేశారా, ఎన్ని మచ్చలొచ్చాయి అని అడిగింది. నిన్ననే వేరే ఆఫీసరు ఎదుట వేశారనీ, ముప్పై ఒకటి వచ్చాయనీ కూతురు చెప్పింది.

"ముప్పై నాలుగుకు ముప్పై ఒకటా? అయితే నువ్వు సరిగ్గా చెప్పలేదన్నమాట" అంది తల్లి. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, చిన్నప్పుడు లెక్క తప్పితే పలక చెరిపి ఇచ్చినట్టే అంది. "మళ్ళీ చెప్పు. ఈసారి నన్ను కూడా కూర్చోబెట్టు. ముందు బెంచీలోనే కూర్చుంటాను."

అన్నాళ్ళూ బిగబట్టుకున్న ఏడుపంతా కట్ట తెంచుకుంది. కూతురు భోరుమంటూ కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి పైకెత్తింది. తల్లి ఎడమచెయ్యి చటుక్కున వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఆ చేత్తో కళ్ళు తుడుచుకోకు, కమ్మీ పట్టుకున్నావు. ముందు వెళ్ళి కడుక్కురా. తర్వాత ఏడుద్దువుగాని."

కూతురు లేచి మూలనున్న కొళాయి దగ్గరికి వెళ్ళింది. తాను అందరికీ చెప్పే ఇరవై సెకన్లూ ఎప్పుడో దాటిపోయాయి, అయినా చాలాసేపటి వరకు కొళాయి కట్టలేకపోయింది.