తలకిందుల రాజు

కర్నూలు పాత బస్టాండు వెనక సందులో, బట్టల కొట్టు మీదున్న గదికి యామిని మెట్లెక్కింది. బనగానపల్లెలో తొలి బస్సు పట్టుకుని వచ్చింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం నాలుగు గంటలకు ఎస్సై ఇంటికి వస్తానన్నాడు. వస్తే తనను వెంటబెట్టుకునే పోతాడని ఊరంతా అనుకుంటోంది.

బల్ల వెనక కూర్చున్నావిడ పేరు గిడ్డమ్మ. ముప్పై ఏళ్లు పోలీసు ఉద్యోగం చేసి, రిటైరయ్యాక సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. సహాయకుడు యేసుప్రసాద్ మంచినీళ్లు తెచ్చిచ్చి, మేడం పట్టిన కేసు తేలకుండా పోయిందే లేదని గర్వంగా చెప్పబోయాడు. గిడ్డమ్మ ఒక్క చూపు చూసేసరికి నోట్‌బుక్కు తెరుచుకుని కూర్చున్నాడు.

"యాడ మొదలైందో ఆడ్నుంచి చెప్పమ్మా. ఏడిస్తే ఏడువు, కానీ ఏదీ వదలొద్దు."

యామిని చెప్పింది. ఆమె మామ పుల్లయ్య నంద్యాల ఆస్పత్రిలో మూడు రోజులుగా తెలివి లేకుండా పడి ఉన్నాడు. ఆయనకు ఉబ్బసం. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో అందరూ కూర్చుని ఆట ఆడుతుండగా ఊపిరాడక పడిపోయాడు. ఎప్పుడూ జేబులో ఉండే ఇన్‌హేలర్, ఆయన నోట్లో కొట్టుకునే మందు పంపు, తర్వాత యామిని కుట్టుమిషన్ సొరుగులో దొరికింది.

"ఏమాట?" అని గిడ్డమ్మ అడిగింది.

యామినికి చెప్పడానికి సిగ్గేసింది. అది ఆమె భర్త ఓబుళేశు పుట్టించిన ఆట. చింతపిక్కలతో ఆడేది. నియమాలన్నీ పిచ్చివి. నవ్వు ఆపుకోలేనివాళ్లు ఓడినట్టు. మతిలేని నియమం ఏది తోచినా అతను ఒక నోట్‌బుక్కులో రాసిపెట్టేవాడు. అతను పోయి రెండేళ్లయింది. ఆ రెండేళ్లూ ఎవరూ దాన్ని ముట్టలేదు. శనివారం పండ్లతో, మామకొక కొత్త ఎర్ర టవాలుతో ఆడబిడ్డ శివజ్యోతి, ఆమె భర్త ఉమామహేశ్ వచ్చారు. ముసలాయన మనసు తేలికపడుతుంది, మళ్లీ ఆడదాం అన్నది ఉమామహేశే. శివజ్యోతి వచ్చి యామిని పెట్టెలోని నోట్‌బుక్కు అడిగి, ఆ రాత్రికే మొగుడికి తీసుకుపోయింది.

నోట్‌బుక్కును యామిని వెంట తెచ్చింది. గిడ్డమ్మ చివరి పుట పైకి చదివింది.

"తుమ్మినోళ్లు పొరకకు దండం పెట్టల్ల. నీళ్లకు పొయ్యేటోళ్లు ఒంటికాలి మీద పోవల్ల. మొదటి రాజు ఇంట్లో పెద్దోడు. రాజు మాట తలకిందులు, ఔనంటే కాదని, రమ్మంటే పొమ్మని అనుకోవల్ల. రాజుగారి జేబులు ఖాళీగా ఉండాలి. రాజుగారి ముఖం మీద తుండు కప్పాలి."

పుల్లయ్యే రాజయ్యాడు. ఉమామహేశ్ నియమాలు చదువుతుంటే చేసింది యామిని. మామ జేబులోని పంపు, కళ్లజోడు, రుమాలు పళ్లెంలో పెట్టి వంటింటి గూట్లో ఉంచింది. కొత్త టవాలు ఆయన ముఖం మీద కప్పింది.

"మంట, మంట అన్నాడు మామ. రాజు మాట తలకిందులు కదా, చల్లగా ఉండాదంట అని నవ్వినాం. ఊపిరాడలేదు, తీయండి అన్నాడు. ఇంకా నవ్వినాం. నేనే అందరికంటే ఎక్కువ నవ్వినా మేడం. రెండేళ్లకు నవ్వినా."

గిడ్డమ్మ నోట్‌బుక్కులో తుమ్ముల నియమం మీద వేలు పెట్టింది.

"ఆ ఆటలో తుమ్మిందెవరు?"

"అత్త, జ్యోతి, నేను. పొరకకు దండం పెట్టి పెట్టి అలసిపోయినాం. ఉమామహేశన్న తుమ్మలేదు. ఆయన ఫ్యాను వెనక కిటికీ దగ్గర కూర్చున్నాడు."

"టవాలు తీసినాక?"

"దాంతోనే కండ్లు తుడుచుకున్యా. తెల్లార్లూ కండ్లు మండినాయి. ఏడ్చినందుకే అనుకున్యా. అన్నే దాన్ని ఉతకడానికి వేసినాడు."

"వంటింట్లోకి ఎవరెవరు పోయినారు?"

"నేను పళ్లెం పెట్టొచ్చినా. తర్వాత అన్న నీళ్లకు పోయినాడు, ఒంటికాలి మీద ఎగురుకుంటా."

గిడ్డమ్మ ఆ వారంలో మామ ఆమెతో ఏం మాట్లాడాడో అడిగింది. యామిని గుర్తు చేసుకుంది. ఓబుళేశు కారు ఆత్మకూరు దారిలో ఘాట్ దగ్గర గొర్రెలు కాసే నరసన్న అనే మనిషిని గుద్ది లోయలో పడింది. నరసన్న అక్కడే చనిపోయాడు. ఓబుళేశు మాట రాకుండానే మూడో రోజు పోయాడు. పక్కనున్న ఉమామహేశ్ గీరుకుపోయిన గాయాలతో బయటపడి, కారు నడిపింది బామ్మర్దే అని పోలీసులకు చెప్పాడు. నరసన్న పెళ్లాం వీళ్ల వాకిట్లో మన్నెత్తి పోసి వెళ్లింది. అప్పటినుంచి యామిని తలెత్తి వీధిలో నడవలేదు. పోయిన వారం మామ దగ్గర ఏడుస్తూ, ఆస్పత్రిలో భర్త ఒళ్లు తుడిచినప్పుడు ఎడమ భుజం నుంచి రొమ్ము మీదుగా నల్లగా కమిలిన చార ఎట్లా ఉండిందో చెప్పింది. ఎడమ భుజమేనా అని మామ రెండుసార్లు అడిగాడు. తర్వాత ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

గిడ్డమ్మ లేచి చెప్పులు వేసుకుంది. యేసుప్రసాద్‌ను ఓబుళేశు చనిపోయిన ఆస్పత్రికి పాత కాగితాల కోసం పంపి, తను యామినితో బనగానపల్లె కారెక్కింది.

ఇంట్లో అత్త సుబ్బరత్నమ్మ కోడలి మొహం చూడలేదు. మూడు రోజులుగా ఆమెతో మాట్లాడటం లేదు. గిడ్డమ్మ పెద్దావిడతో వంటింట్లో చాలాసేపు ఒంటరిగా మాట్లాడింది. పుల్లయ్య కూర్చున్న మడత కుర్చీని వెలుతురులోకి లాక్కుని, పట్టీ కుట్టులో అగ్గిపుల్లతో గీకి, రాలినదాన్ని కాగితంలో పొట్లం కట్టింది. ఉమామహేశ్ గుంటూరు వైపు నుంచి వచ్చి కర్నూలులో మిరపకాయల వ్యాపారం చేస్తున్నవాడు. అడిగినదానికల్లా నెమ్మదిగా జవాబిచ్చాడు.

"తుండు కప్పింది యామినేనండీ. పంపు తీసుకెళ్లింది కూడా ఆవిడే. ఆవిడ మీద నాకేం కోపం లేదు, చూసింది చెప్తున్నాను."

నాలుగింటికి ఎస్సై వచ్చాడు. అంతకు కొంచెం ముందే యేసుప్రసాద్ తిరిగొచ్చాడు. గిడ్డమ్మ అందరినీ ఆదివారం కూర్చున్నట్టే కూర్చోమంది. పుల్లయ్య కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది.

గిడ్డమ్మ దండెం మీది ఎర్రగుడ్డ తీసి శివజ్యోతికి చూపించింది. "మీ ఇంట్లో దీన్ని ఏమంటారమ్మా?"

"టవాలు."

సుబ్బరత్నమ్మ కూడా అదే మాట చెప్పింది.

"ఓబుళేశు మాట్లాడినట్టే రాసేవాడు. పెట్టల్ల, పోవల్ల అని. చీపురని కాదు, పొరకని రాసినాడు. ఈ చివరి రెండు నియమాల్లో చేతిరాత ఆయనదాని మాదిరే దిద్దినా, మాట మాత్రం ఉండాలి, కప్పాలి అని ఉండాది. టవాలు తుండైంది. ఈ ఇంట్లో ఆ మాట వాడే మనిషి ఒక్కడే ఉన్నాడు. ఇందాక నాతో కూడా అదే మాట అన్నాడు. శనివారం రాత్రి నోట్‌బుక్కు ఆయన దగ్గరే ఉండింది."

ఉమామహేశ్ నవ్వడానికి ప్రయత్నించాడు. భాష ఎవరైనా ఎట్లాగైనా రాస్తారు కదా అన్నాడు.

గిడ్డమ్మ పొట్లం విప్పి ఎస్సై ముందు పెట్టింది. ఎర్రటి పొడి. కారం. కొత్త టవాలు మడతల్లో చల్లిన కారం ఎర్రగుడ్డలో ఎవరికీ కనబడలేదు. ఉబ్బసం మనిషి ముఖం మీద పడితే చాలు. దగ్గర కూర్చున్నవాళ్లంతా తుమ్మారు. ఫ్యాను వెనకకు ముందే జరిగి కూర్చున్నవాడు తుమ్మలేదు. పంపును జేబులోనుంచి తీయించింది ఒక నియమం. ఒంటికాలి మీద వంటింట్లోకి పోయినవాడు దాన్ని గూట్లోనుంచి తీసి యామిని కుట్టుమిషన్ సొరుగులో దాచాడు. ఆయన అరుపులకు నవ్వు తెప్పించింది మాత్రం ఓబుళేశు రాసిన పాత నియమమే.

"నేనెందుకు చేస్తానండీ?" ఉమామహేశ్ ఎస్సై వైపు తిరిగాడు. "ఆయన నాకు మామగారు."

గిడ్డమ్మ యేసుప్రసాద్ తెచ్చిన కాగితం ఎస్సైకి ఇచ్చింది. "కారులో డ్రైవరు కుడి పక్కన కూర్చుంటాడు. బెల్టు ఆయన కుడి భుజం మీద పడతాది. ఎడమ భుజం మీద పడేది పక్క సీటాయనకు. ఓబుళేశు కమిలింది ఎడమ భుజం, విరిగింది ఎడమ పక్క మెడ కింది ఎముక. బండి ఆయన నడపలేదు." ఆమె పెద్దావిడ వైపు తిరిగింది. "అమ్మా, శుక్రవారం మీ ఆయన ఫోనులో అన్న మాట ఇంకోసారి చెప్పు."

సుబ్బరత్నమ్మ తలెత్తకుండా చెప్పింది. "సోమవారం లోపల నువ్వు పోయి చెప్తావా, నేను చెప్పల్లనా అన్నాడు. ఎవురితో మాట్లాడినావని నేనడిగితే అల్లునితో అన్నాడు. దేనికని చెప్పలేదు."

శివజ్యోతి మొగుడి వైపు తిరిగి చాలాసేపు చూసింది. అతను ఆమెను చూడలేదు. నేలను చూస్తూ, ఆ రోజు తను తాగి ఉన్నానని, బామ్మర్ది వద్దన్నా తాళాలు లాక్కున్నానని, చచ్చిపోయేవాడి మీద వేస్తే ఎవరికీ నష్టం లేదనుకున్నానని చెప్పాడు. యామిని పేరు అందులో ఎక్కడా రాలేదు. నష్టపోయినవాళ్లలో ఆమె అతనికి తోచనే లేదు.

ఎస్సై అతన్ని తీసుకుపోయాక యామిని అరుగు మీద కూలబడింది. బతికి బయటపడ్డానన్న సంతోషం రాలేదు. కప్పింది నా చేతులే కదా మేడం, అంది.

గిడ్డమ్మ ఆమె పక్కనే కూర్చుంది. "చేతులు నీవి, పని వానిది. అది నీకు అర్థం కావడానికి శానా దినాలు పడతాది. ఇప్పుడు ఆస్పత్రికి పో."

ఆటోలో సుబ్బరత్నమ్మ పక్కకు జరిగి కోడలికి చోటిచ్చింది. నంద్యాల వచ్చేదాకా ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు.

లోపలికి ఒక్కరినే, ఒక్క నిమిషమే పంపుతామని నర్సు చెప్పింది. నువ్వే పో అంది అత్త. గొట్టాల మధ్య పుల్లయ్య మొహం వాచి గుర్తుపట్టేటట్టు లేదు. యామిని ఆయన చెవి దగ్గర వంగి, బండి నడిపింది ఓబుళేశు కాదని అందరికీ తెలిసిపోయిందని చెప్పింది. నరసన్న పెళ్లాం దగ్గరికి రేపు తనే పోయి చెప్తానంది. మామ రెప్ప కదల్లేదు. మిషను తన పాటికి తను ఊపిరి తోస్తోంది. నర్సు భుజం తట్టింది.

బయట బెంచీ మీద నుంచి సుబ్బరత్నమ్మ లేచి నిలబడింది.

"విన్నాడా?"

"విన్నాడత్తా," అంది యామిని.